తవుటికి కొన్న బిడ్డ

పొగ రాని పొయ్యి గురించి మాట్లాడినన్ని మాటలు నేను నా జీవితంలో మరి దేని గురించీ మాట్లాడలేదు. యాభై ఆరులో కొత్త రాష్ట్రం ఏర్పడ్డ కొన్నాళ్లకు నాకు గ్రామసేవిక ఉద్యోగం వచ్చింది. బోధన్ చుట్టుపక్కల చెరుకు పల్లెల్లో పని. ఇంటింటికీ తిరిగి పొయ్యికి మట్టి గొట్టం పెట్టించాలి, మురుగునీటికి గుంత తవ్వించాలి, పాలపొడి కలిపి పిల్లల చేత తాగించాలి, ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి దానికి మహిళా మండలి అని పేరు పెట్టాలి. మా అమ్మ మాత్రం నిజామాబాదులో, కంఠేశ్వర్ దగ్గర అద్దె ఇంట్లో, కళ్లు మండుతుంటే తుడుచుకుంటూ పాత పొయ్యి మీదే వండేది. వంట కాగానే బీడీల చాట ఒళ్లో పెట్టుకునేది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని నన్ను చూసి నవ్వేది. ఆమె అన్నది నిజమే. ఊళ్లన్నిటికీ పొయ్యిలు వేయించాను గానీ మా ఇంటి పొయ్యి మార్చడానికి నాకు తీరిక దొరకలేదు.

నాకు కోపం ఎక్కువ. ఉద్యోగం చేసిన ఇన్నేళ్లూ అందరూ ఆ మాటే అన్నారు. ఊళ్లో ఆడవాళ్లు నేను చెప్పిందంతా తలలూపి విని, నేను సందు మలుపు తిరగగానే గొట్టం మూతికి పాతగుడ్డ కుక్కేవారు. పొగ బయటికి పోతే ఇంటి కప్పులో పురుగు చేరుతుందట. నేను వెనక్కి వచ్చి చూసి అరిచేదాన్ని. వాళ్లు నవ్వేవారు. నన్ను సేవికమ్మ అని పిలిచేవారు, నోరు తిరగని ముసలివాళ్లు సేమ్యమ్మ అనేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆ ఊళ్లో వినేవాళ్లకే నేను లోకువ.

నేనుండే ఊరు నిజాంసాగర్ కాలువ పక్కన ఉండేది. కాలువ కట్ట దిగితే ఇటు ఇళ్లు, అటు కనుచూపు మేర చెరుకు. భూములున్న వాళ్లకు ఆ నీళ్లు చెరుకు పండించి పెట్టాయి. లేనివాళ్లు ఆ చెరుకులోనే కలుపు తీసి, నరికి, మోసి బతికేవారు. పటేలు ఇంటి వెనక గది నాకిచ్చారు. నా గదికి నాలుగిళ్ల అవతల ఒక జంట ఉండేది. అతను సీజనులో ఇంకొకరి బండి మీద ఫ్యాక్టరీకి చెరుకు తోలేవాడు. ఆమె తోటల్లో కూలికి పోయేది. ఆమెకు నా వయసే ఉంటుంది. ఇంట్లో అత్త ఉండేది, నడుం వంగిన ముసలమ్మ, నోటి దురుసులో నాకేమీ తీసిపోదు.

ఆమెకు పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోయారు. ప్రతిసారీ ఒకటే తీరు. పుట్టినప్పుడు బాగానే ఏడ్చేవాళ్లు, పాలు తాగేవాళ్లు, వారం తిరగకముందే దవడలు బిగుసుకుని, ఒళ్లు విల్లులా వంగి పోయేవాళ్లు. అది బొడ్డు కోసిన కొడవలి వల్ల వచ్చే జబ్బని మాకు ట్రైనింగులో చెప్పారు. అక్కడ అది సావు వచ్చి తన వస్తువు తాను తీసుకుపోవడం. నేను ఆ ఊరికి వచ్చేసరికి ఆమె మళ్లీ నిండు నెలలతో ఉంది. కడుపు మీద చెయ్యి వేసుకుని నడవడానికి కూడా భయపడేది, ఎవరైనా చూస్తారని.

కాన్పు నాడు నేను కొత్త బ్లేడూ దారమూ తీసుకుని వెళ్లాను. వాళ్ల కళ్ల ముందే నీళ్లలో ఉడికించాను. మంత్రసాని మూతి ముడుచుకుంది. బ్లేడును పప్పులా ఉడకబెడుతున్నానని ముసలమ్మ ఎగతాళి చేసింది. అయినా ఆ తల్లి ముఖం చూసి ఎవరూ అడ్డు చెప్పలేదు, బొడ్డు బ్లేడుతోనే కోశారు. ఆడపిల్ల పుట్టింది.

ఆ మర్నాడు ముసలమ్మ నా గదికి వచ్చింది. గడపలో కూర్చుని, ఎప్పుడూ లేనంత మెల్లగా మాట్లాడింది. పిల్లలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరికైనా తవుటికి అమ్మేస్తారు. కొన్నామె ఆ బిడ్డకు తల్లి అవుతుంది. కన్నామె ఊరికే పెంచి పెడుతుంది. సావు వచ్చి తలుపు కొడితే ఈ ఇంట్లో బిడ్డ ఎవరూ లేరు, ఉన్నది పరాయివాళ్ల బిడ్డ. మా జిల్లాలో తవుడు పేర్లూ పెంట పేర్లూ ఉన్న మనుషులు ఊరూరా ఉన్నారు, అందరూ అలా దక్కినవాళ్లే. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. నాకు తెలియనిదల్లా ఆమె నా దగ్గరికి ఎందుకు వచ్చిందన్నదే.

"నువ్వు గీ ఊరిదానివి కావు. నీకు పిల్లలు పుట్టలే, పోలే. సావు నీ ఇల్లు ఎరగదు. నువ్వే కొనాలె" అంది.

మూఢనమ్మకాలు పోగొట్టడం నా ఉద్యోగంలో ఒక భాగం. దాని మీద నేను ఊళ్లో ఉపన్యాసం కూడా ఇచ్చి ఉన్నాను. మాకు పాఠాలు చెప్పినావిడ ఆ రోజు అక్కడ ఉంటే నా సర్టిఫికెట్టు చింపి పొయ్యిలో పెట్టేది, అదీ పొగ రాని పొయ్యిలో. కాదని చెప్పడానికే లేచాను. అప్పుడు చూశాను, ఆ తల్లి పచ్చి బాలింత, గోడ పట్టుకుని మా వాకిట్లో నిలబడి ఉంది. నేను ఏమంటానా అని నా నోటి వైపు చూస్తోంది.

సరే కొంటానన్నాను. కానీ బేరం పెట్టాను. కొన్నాక బిడ్డ నాది కాబట్టి నా మాటే చెల్లాలి. కాచిన నీళ్లే పట్టాలి. టీకాలవాడు వస్తే దాచకూడదు. జబ్బు చేస్తే నేను చెప్పిన మందే వేయాలి. ముసలమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నీ బిడ్డ నీ ఇష్టం అంది. తవుడు మాత్రం వాళ్లింటిది చెల్లదట, కొనేవాళ్లే తెచ్చుకోవాలట. పక్కింట్లో వడ్లు దంచుతుంటే అడిగి చాటలో తెచ్చాను. పెంటకుప్ప మీద పాత గుడ్డలో పడుకోబెట్టిన బిడ్డను వంగి ఎత్తుకున్నాను. చాట ముసలమ్మ చేతికిచ్చాను. ఆ పసిదాని తల నా మోచేతి మడతలో పడింది. వెచ్చగా ఉంది. అప్పటివరకు నేను అంత చిన్న బిడ్డను ఎత్తుకోలేదు.

ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. అమ్ముకున్నవాళ్లు ఆ బిడ్డను తమ చేతులతో ఎత్తుకుని ఊరి పొలిమేర దాటకూడదు. దాటితే బిడ్డ ఎవరిదో సావుకు తెలిసిపోతుంది. పొలిమేర దాటించాలంటే కొన్నతల్లే దాటించాలి. ఆ రోజు నాకది చాలా చిన్న మాటగా తోచింది.

బిడ్డ బతికింది. వారం దాటింది, నెల దాటింది, బోర్లా పడింది. బ్లేడు వల్ల అని నేననుకున్నాను, తవుటి వల్ల అని వాళ్లనుకున్నారు. ఆ విషయంలో మేము ఎన్నడూ వాదించుకోలేదు. నాకు దొరికింది నాకు చాలు. మశూచి టీకాలవాడు వచ్చిన రోజు ఊళ్లో తల్లులందరూ పిల్లలను తీసుకుని చెరుకులో దాక్కుంటే, ఆ ఒక్క ఇంటి నుంచి బిడ్డ బయటికి వచ్చింది. ఎందుకంటే కొన్నామె తెమ్మంది. సేవికమ్మ తన బిడ్డకే వేయించిందట అని ఊళ్లో మాట పుట్టింది. సాయంత్రానికి ఒక్కొక్కరే చెరుకులోంచి బయటికి వచ్చారు. ఆ తర్వాత నేను ఏది చెప్పినా ఊళ్లోవాళ్లు మొదట అడిగేది, నీ బిడ్డకు చేసినవా అని. చేశానంటే చాలు. గొట్టాలకు కుక్కిన గుడ్డలు కూడా కొన్ని ఊడాయి. మా బి.డి.ఓ. గారు పట్నం నుంచి వచ్చిన వాళ్లను వెంటబెట్టుకొచ్చి ఆ ఊరు చూపించి, ఏం మంత్రం వేశావమ్మా అని అడిగారు. తవుడు వేశానని చెబితే బాగుండదని ఊరుకున్నాను.

మా వైపు తల్లిని అవ్వ అంటాం. ఆ పిల్లకు మాటలు రాగానే నన్ను అవ్వ అనడం నేర్పారు. కన్నతల్లిని అక్క అనేది. ఆ తల్లి నలుగురిలో ఉన్నప్పుడు ఆ పిల్లను దగ్గరికి తీసేది కాదు, ముద్దుచేసేది కాదు. సేవికమ్మ బిడ్డ అన్నం తినలేదనీ, సేవికమ్మ బిడ్డ బురదలో ఆడుతోందనీ విసుక్కుంటూ చెప్పేది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం నేను వాళ్లింటికి చెప్పకుండా వెళ్లాను. తలుపు సగం మూసి, చీకట్లో, ఆ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది. దువ్వెన పక్కన పెట్టి, ఆ నెత్తి మీద తన చెంప ఆనించి ఉంది. నన్ను చూసి ఉలిక్కిపడి పిల్లను కిందికి దింపేసింది. దొంగతనం చేస్తూ దొరికినట్టు తలవంచుకుంది. నేను దారి తప్పినట్టు నటించి బయటికి వచ్చేశాను.

నేను మాత్రం దాచుకోవాల్సిన పని లేదు. ఆ పిల్ల అంటే నాకు ప్రాణం. చెరుకు ముక్కను పక్కపళ్లతో కొరికి, తొక్క దూరంగా ఉమ్మి, ఎంత దూరం పడిందో చూడమనేది. పాలపొడి నీళ్లలో కలపనిచ్చేది కాదు, పొడిగానే నోట్లో పోసుకుని, అంగిలికి అంటుకుంటే వేలితో గీరుకునేది. నేను మహిళా మండలిలో మాట్లాడుతుంటే నా కుర్చీ పక్కన నిలబడి, నేను అరిచినప్పుడల్లా తానూ వేలు చూపించి అరిచేది. నా కోపం నాకు అప్పుడే కనిపించింది. ఒకసారి నిజామాబాదుకు తీసుకెళ్లాను. మా అమ్మ బీడీల చాట పక్కన పెట్టి దాన్ని ఎగాదిగా చూసి, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు నువ్వు భలేదానివే అంది. సాయంత్రానికి ఆ పిల్ల ఆమె ఒళ్లోనే నిద్రపోయింది, మా అమ్మ ఆ పూట బీడీలు చుట్టలేదు.

అమ్మిన బిడ్డను పెళ్లినాడు తిరిగి కొనుక్కుంటారు. అప్పటినుంచి కన్నతల్లి మళ్లీ తల్లి. ఆమె దానికోసమే బతుకుతోందని నాకు తెలుస్తూనే ఉండేది. ఓసారి కాలువ దగ్గర బట్టలుతుకుతూ, తల ఎత్తకుండానే అంది. "ఒక్కపారి నన్ను అవ్వా అంటె సాలు సేవికమ్మా. ఇంకేం అడగ."

పెళ్లిదాకా ఎందుకు, బడిలో వేసేటప్పుడే కొనుక్కోమన్నాను. పిల్ల గట్టిపడింది, ఇంకా భయమేమిటని పోట్లాడాను. ఆమెకు ఆశ పుట్టింది. కానీ ఆ ఏడే కొడుకు పుట్టాడు. ముసలమ్మ ఒప్పుకోలేదు. ఈ ఇంట్లో పుట్టి దక్కినవాడు వీడొక్కడే అని సావు అనుకోవాలి, ఆ పిల్లను నాదంటే పాత లెక్కలన్నీ గుర్తొస్తాయి అంది. చివరికి పిల్లవాడు నడక నేర్చాక కొనుక్కునేట్టు ఒప్పందం కుదిరింది. ఆ మాట అనుకున్న రోజు తల్లి ఆ పిల్లను గుట్టుగా పిలిచి, ఇకముందు నన్ను ఏమని పిలుస్తావే అని అడిగింది. అక్కను ఎవరన్నా అవ్వ అంటరా అని ఆ పిల్ల పకపకా నవ్వి పారిపోయింది. తల్లి కూడా నవ్వింది. ఆమె అలా పళ్లన్నీ కనిపించేలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పిల్లవాడు గోడ పట్టుకుని నిలబడుతున్న రోజుల్లో మా అమ్మకు జబ్బు చేసిందని కబురొచ్చింది. సెలవు పెట్టి నిజామాబాదు వెళ్లాను. ఆమె లేచి కూర్చునేదాకా ఉండి, బస్సెక్కి బోధన్‌లో దిగాను. ఊరికి పోయే ముందు బ్లాకు ఆఫీసులో కనిపించి పోదామని లోపలికి వెళ్లాను.

మా ఆఫీసు చప్రాసి పెద్దాయన. నన్ను సొంత చెల్లెలిలా చూసేవాడు. పెళ్లికాని ఆడపిల్ల ఒంటరిగా ఊళ్లమ్మట తిరుగుతుంటే నలుగురూ నాలుగు రకాలుగా అంటారని, నా వెనక ఎవరు ఏ మాటన్నా పడనిచ్చేవాడు కాదు. నన్ను చూడగానే స్టూలు మీంచి లేచి, గొంతు తగ్గించి, జరిగింది చెప్పాడు.

"ఎవడో బండోడు వచ్చిండు చెల్లె. సేవికమ్మ బిడ్డకు పానం బాగలేదు, ఆమెకు కబురు పంపాలె అన్నడు. ఆమెకు పెండ్లే కాలే, బిడ్డెక్కడిదిరా అని గల్లా పట్టి బయటికి నూకిన. మల్ల వచ్చిండు. మల్ల తరిమిన. నీ ఇజ్జత్ తీస్తనంటె ఊకుంటనా?"

స్టూలు మీద కూర్చుండిపోయాను. బిడ్డ నాదే అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. కొన్నాను, ఆ ఊళ్లో తవుటికి కొన్నాను అన్నాను. ఆయనా ఈ జిల్లా మనిషే. ముఖం పాలిపోయింది. బయటికి పోయి తన సైకిలు తెచ్చి, ఎక్కు చెల్లె అన్నాడు. కాలువ కట్ట మీద ఆ ముసలితనంలో ఆయన సైకిలు తొక్కుతూ దారంతా ఏడుస్తూనే ఉన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ బండి తోలే తండ్రి మా ఆఫీసుకు రావాలంటే పెద్ద దవాఖాన ముందునుంచే రావాలి, ఆ గేటు దాటుకునే వచ్చాడు కదా అని అదొక్కటే ఆలోచన.

పిల్లను చాప మీద పడుకోబెట్టారు. మెడ రెండు పక్కలా వాచి దవడతో కలిసిపోయింది. ఊపిరి తీస్తుంటే గొంతులో గరగరమంటోంది. నోరు తెరిపించి చూశాను. తెల్లటి పొర. కంఠసర్పి, ఇంగ్లీషులో డిఫ్తీరియా, అని మా పుస్తకంలో ఉంది. దానికి మందు ఎంత తొందరగా పడితే అంత మంచిదని కూడా ఉంది. తల్లి చాపకు బారెడు దూరంలో, కొడుకును ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ముట్టుకోవడం లేదు. నన్ను చూడగానే లేచి నిలబడింది.

దవాఖానకు ఎందుకు తీసుకుపోలేదని అరిచాను. ఊరంతా వినేలా అరిచాను.

"ఎట్ల తీస్కపోవాలె అమ్మా? నేను ఎత్తుకోని పొలిమేర దాటితె నాదని తెల్వదా? నీ బిడ్డను నిన్ను అడగకుంట సూది ఎట్ల ఇప్పియ్యాలె? నువ్వస్తవని సూసిన. నువ్వు రాకపోతివి" అంది.

నన్ను తప్పుపడుతూ అన్న మాట కాదది. ఆమె ఏ మాట మీద నిలబడిందో అది చెప్పింది. నా మాటే చెల్లాలని బేరం పెట్టింది నేను. ఆమె ఆ బేరాన్ని అక్షరం తప్పకుండా పాటించింది.

పిల్లను ఎత్తుకుని పక్కింటివాళ్లు తోలుకొచ్చిన బండెక్కాను. పొలిమేర దాటేదాకా తల్లీ తండ్రీ బండి వెనక ఎవరో దారినపోయేవాళ్లలాగా దూరంగా నడిచారు. దవాఖానలో డాక్టరు గొంతులో చూసి నా వైపు తిరిగి, ఇన్నాళ్లు ఏం చేస్తున్నారని అడిగాడు. మందు వేశాడు, చేయగలిగింది చేశాడు, ఆయనను నేనేమీ అనను. పిల్ల తల్లి ఎవరని నర్సు అడిగింది. నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు వేలు చూపించింది. నేనేనన్నాను.

ఆమె వరండాలోనే కూర్చుంది, పిల్లవాడిని పట్టుకుని, తోడు వచ్చిన పక్కింటామెలాగా. నేను బయటికి వచ్చి బతిమాలాను. మీ ఊరోళ్లు ఎవరూ లేరిక్కడ, ఎవరూ చూడరు, లోపలికొచ్చి కాసేపు పట్టుకో అన్నాను.

"సావుకు ఊర్లు వేరేనా అమ్మా" అంది.

అయినా ఒకసారి వచ్చింది. పెదాలు తడుపుతానని వంక పెట్టి, గ్లాసులో నీళ్లు తెచ్చి, కొంగు చివర ముంచి తడిపింది. పోతూ పోతూ దుప్పటి సర్దుతున్నట్టు ఆ పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని గట్టిగా అదిమింది. పిల్ల కళ్లు తెరిచి ఆమెను చూసింది. ఏదో పిలవబోయింది. గొంతు రాలేదు. ఏమని పిలవబోయిందో నాకు తెలియదు, ఆమెకూ తెలియదు. మర్నాడు మధ్యాహ్నం, వార్డులో అన్నం గిన్నెల చప్పుడవుతుండగా, నా చేతుల్లోనే పోయింది.

ఈ సంగతి విన్న చదువుకున్నవాళ్లు, చూశారా మూఢనమ్మకం అంటారు. వాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. కన్న ప్రతి బిడ్డా కళ్ల ముందే కొయ్యబారిపోతుంటే, ఊళ్లో డాక్టరు లేక, చేతిలో ఏమీ లేక, ఆమె తన దగ్గరున్న ఒకే ఒక్కదాన్ని వదులుకుంది. బిడ్డ నోటి నుంచి అవ్వ అన్న పిలుపును. దానికి బదులుగా ఆ పిల్ల బతకాలనుకుంది. ఉద్యోగం ముగిసేదాకా నేను చాలా ఊళ్లు తిరిగాను, చాలా పథకాలు మోశాను. ఇంతకంటే ఎక్కువ ఇచ్చినవాళ్లను ఎక్కడా చూడలేదు.

ఊరికి తెచ్చాం. నేనే ఎత్తుకుని పొలిమేర దాటించాను. వాకిట్లో పడుకోబెట్టాం. ఆడవాళ్లు చుట్టూ చేరారు. మా వైపు పోయినవాళ్ల మీద పడి, రాగం తీసి, వాళ్ల ముచ్చట్లన్నీ చెప్పుకుంటూ ఏడుస్తారు. మొదటి గొంతు తల్లిది కావాలి. తల్లి రాగం ఎత్తుకుంటే మిగతావాళ్లు గొంతు కలుపుతారు. అందరూ ఎదురుచూస్తున్నారు. నాకు అలా ఏడవడం రాదు. దవాఖాన నుంచి అప్పటిదాకా నా కళ్లలో ఒక్క చుక్క రాలేదు.

ఆమె కొడుకును చంకనేసుకుని నా పక్కకు వచ్చి వంగింది. నా చెవిలో చెప్పింది.

"నువ్వే ఏడువాలె సేవికమ్మా. నేను ఏడిస్తె నాదని తెలుస్తది. వీడున్నడు. నాకోసం ఏడువు."

నేను ఆ పిల్ల మీద పడ్డాను. బిడ్డా అన్నాను. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, తర్వాత ఇంకో మాట వచ్చింది. చెరుకు తొక్క ఎంత దూరం ఉమ్మినావు బిడ్డా అని ఏడ్చాను, పాలపొడి ఎవరికి పెట్టాలె బిడ్డా అని ఏడ్చాను. నాకు తెలిసినవి అయిపోయాక, నాకు తెలియనివి ఆమె నా వెనక నిలబడి చిన్నగా అందించింది. కడుపులో ఉన్నప్పుడు ఎట్లా తన్నేదో, రాత్రుళ్లు ఏ చెయ్యి పట్టుకుని పడుకునేదో, కలలో ఎవరితో పోట్లాడేదో. ఆమె మెల్లగా చెప్పేది, నేను పైకి ఏడ్చేదాన్ని. ఊరంతా నాతో ఏడ్చింది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

పిల్లను తీసుకుపోయే వేళ అయింది. నేను వదలలేదు. ఆడవాళ్లు లాగారు, నా చేతులు ఊడలేదు. అప్పుడు ఆమె కొడుకును అత్తకిచ్చి, నా ముందుకొచ్చి కూర్చుంది. నా వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసింది. తన కొంగుతో నా ముఖం తుడిచింది. తల్లి కడుపుకోతకు ఊళ్లో పదిమంది వచ్చి చెప్పే మాటలు ఉంటాయి కదా, ఆమెకు ఎవరూ చెప్పని మాటలు, అవన్నీ అందరూ వినేలా నాకు చెప్పింది.

"ఊకో అమ్మా, ఊకో. కన్నకడుపు, ఎట్ల ఓర్సుకుంటవు. నీకు గింతే రాసిపెట్టిండు దేవుడు. ఊకో."